ఎన్నిసార్లయినా మొదటిసారే



షోలాపూర్ తూర్పు భాగంలో మేముండే పేటలో తెల్లవారక ముందే సాంచెల చప్పుడు మొదలవుతుంది. ఆ చప్పుడు ఆగిపోతే మా పిల్లలు నిద్రలోంచి లేచి కూర్చుంటారు. తాతల కాలంలో కరీంనగరం, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి నేతపని వెతుక్కుంటూ వచ్చిన కుటుంబాలు మావి. ఇంట్లో తెలుగు, వీధిలో మరాఠీ. మగవాళ్ళు చద్దర్ల కార్ఖానాల్లోనో టవళ్ళ కార్ఖానాల్లోనో పని చేస్తారు. ఆడవాళ్ళు గడపలో చేట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడతారు. నేను బడిపంతులును. తెలుగు, మరాఠీ రెండూ చెప్పి బతుకుతున్నవాణ్ణి.

ఇనప్పెట్టెలో దాచుకునేంత సొత్తు మా పేటలో ఎవరికీ లేదు. అయినా కొన్నేళ్ళుగా నలుగురు కూడిన చోటల్లా ఒకటే మాట, దొంగతనాలు. ఒక ఇంట్లో గ్యాసు సిలిండరు, ఒక ఇంట్లో కుట్టుమిషను, కార్ఖానా వెనక నుంచి మోటారు. వినడానికి ఇవి చిన్న వస్తువులు. కుట్టుమిషను పోయిన ఇంట్లో మాత్రం ఆ నెల బడి ఫీజు కట్టలేదు. సైకిలు పోయినవాడు రాత్రి పాళీ ముగించుకుని అర్ధరాత్రి మూడు మైళ్ళు నడిచి ఇంటికి వచ్చాడు. పేదవాడి ఇంట్లో పోయే వస్తువు ఎప్పుడూ వాడి చేతిలోని పనిముట్టే అయి ఉంటుంది.

2024 జూలైలో ఒకనాడు మా వీధి కుర్రాళ్ళు ఒక యువకుణ్ణి సైకిలుతో సహా పట్టుకున్నారు. ఎక్కడివాడో కాదు, మా పక్క వీధివాడే, మా భాష మాట్లాడేవాడే. పదిమందీ కలిసి ఠాణాకు తీసుకుపోయారు. అక్కడ ఒక ఎన్‌సీ కాగితం రాసి, సైకిలు ఎవరిదో వారికి ఇప్పించి పంపించారు. ఆ సాయంత్రం నేను బడి నుంచి వస్తుంటే మూలమీది టీ బండి దగ్గర ఆ యువకుడే నిలబడి భజీలు తింటున్నాడు. నన్ను చూసి, "నమస్తే సారూ" అన్నాడు.

ఆ రాత్రి మా వీధిలో ఎవరూ తొందరగా పడుకోలేదు. పోలీసులను తిట్టినవారు తిట్టారు. కోర్టులను తిట్టినవారు తిట్టారు. "ఇక మనమే చూసుకోవాలె" అన్నవారూ ఉన్నారు. ఈ మాట మీ పేటలోనూ వినిపించే ఉంటుంది. కోపం న్యాయమైనదే. అయితే పట్టుకున్నవాడు సాయంత్రానికల్లా ఎందుకు బయటికి వచ్చాడో తెలుసుకున్న తరువాత నా కోపం కొంత దారి మార్చుకుంది. ఈ పూట మీతో చెప్పదలచుకున్నది ఆ సంగతే.

2024 జూలై 1 నుంచి మన దేశంలో పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చింది. అందులో మామూలు దొంగతనానికి మూడేళ్ళ దాకా జైలు. అయితే దొంగిలించిన వస్తువు విలువ 5,000 రూపాయల లోపు ఉండి, వాడికి శిక్ష పడడం అదే మొదటిసారి అయి, వస్తువునో విలువనో తిరిగి ఇచ్చేస్తే, శిక్ష సమాజ సేవ. ఈ చిన్న దొంగతనాన్ని పోలీసులు వారంటు లేకుండా అరెస్టు చేయకూడని నేరాల కింద చేర్చారు. మహారాష్ట్రలో మనం ఎన్‌సీ అని పిలిచే కాగితం ఇటువంటి నేరాలకే రాస్తారు. పాత సైకిలు 5,000 చేయదు కదా! ఆ పై దారి మేజిస్ట్రేటు దగ్గరికి. మాలో ఒక్కరమూ ఆ దారి తొక్కలేదు. సైకిలు దొరికింది, పని అయిపోయింది అనుకున్నాము.

ఇంకొక మాట. ఇంటి లోపలి నుంచి పోయిన వస్తువు సంగతి వేరు. మనుషులు నివసించే ఇంట్లో చేసిన దొంగతనానికి ఏడేళ్ళ దాకా శిక్ష ఉంది. అక్కడ విలువ లెక్క లేదు. ఇత్తడి చెంబు అయినా సరే, పోలీసులు ఎఫ్.ఐ.ఆర్. నమోదు చేయవలసిందే. అరెస్టు చేయదగిన నేరం జరిగిందని ఫిర్యాదులో కనిపిస్తే ఎఫ్.ఐ.ఆర్. రాయడం తప్పనిసరి అని సుప్రీంకోర్టు 2013లోనే, లలితా కుమారి కేసులో తీర్పు చెప్పింది. దాని నకలు ఉచితంగా ఇవ్వాలి. ఠాణాలో రాయకపోతే పై అధికారికి పంపవచ్చు. అక్కడా కాకపోతే మేజిస్ట్రేటును ఆశ్రయించవచ్చు. మా పేటలో అంతకు ముందు ఇళ్ళలో జరిగిన దొంగతనాలు ఎన్నో, వాటికి రాయించిన ఎఫ్.ఐ.ఆర్.లు ఎన్ని అని నేను ఇల్లిల్లూ తిరిగి అడిగాను. అయిదు ఇళ్ళవాళ్ళు చెప్పిన జవాబు ఒకటే: "ఎవరు తిరుగుతరు సారూ, ఒక్కరోజు పని పోతది."

అసలు చిక్కు ఇక్కడే ఉంది. మన చట్టంలో మొదటిసారి తప్పు చేసినవాడి మీద దయ ఉంది. అది ఉండవలసినదే. పాత శిక్ష ఏదీ లేనివాడు చిన్న దొంగతనం చేస్తే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద కోర్టు మందలించి వదిలిపెట్టవచ్చు. విచారణ ఖైదీగా ఉన్నవాడు అంతకు ముందు ఎన్నడూ శిక్ష పడనివాడైతే, ఆ నేరానికున్న గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం గడవగానే జామీను మీద విడుదలకు అర్హుడు. మిగతావారికి సగం కాలం గడవాలి. అదే ఒకసారి ఇటువంటి నేరంలో శిక్షపడి, మళ్ళీ అదే తరహా నేరం రుజువైతే, శిక్ష పదేళ్ళ దాకా, ఇంకా పై దాకా కూడా పోవచ్చు. అంటే చట్టం మొదటిసారికీ రెండోసారికీ మధ్య ఒక పెద్ద గీత గీసింది.

ఆ గీతను దేనితో కొలుస్తారు? మన అనుమానంతో కాదు. టీ బండి దగ్గర చెప్పుకునే మాటలతో కాదు. కోర్టు వేసిన శిక్షతో కొలుస్తారు. అయిదు ఇళ్ళలో దొంగిలించినవాడి మీద ఒక్క ఫిర్యాదు లేకపోతే, ఫిర్యాదు ఉన్నా సాక్షి రాకపోతే, కోర్టు కాగితాల్లో వాడు ఎన్నిసార్లు చేసినా మొదటిసారివాడే. జడ్జిగారు దయ చూపిస్తున్నది పాత దొంగ మీద కాదు, తన ముందున్న కాగితాల ప్రకారం కొత్తవాడి మీద. ఆ కాగితం ఖాళీగా ఉంచిన చేతుల్లో మన చేతులు కూడా ఉన్నాయి.

"మనమే చూసుకోవాలె" అన్న మాటకు వస్తాను. మా పేట అలా ఒకసారి చూసుకుంది. ఆ సంగతి చెప్పడానికి నాకు సిగ్గుగానే ఉంది. 2023 చలికాలంలో ఒక తెల్లవారుజామున వీధిలో కేకలు వినిపించాయి. వెళ్ళి చూస్తే కరెంటు స్తంభానికి ఒక పిల్లవాణ్ణి కట్టేశారు. చుట్టూ ముప్పై నలభై మంది. ఎవరో అన్నారు, "సెట్లుమెంటు దిక్కువాడు, వీడే" అని. ఆ ఒక్క మాట చాలింది. నేను వెనక వరుసలో నిలబడ్డాను. అందరూ ఇంత గట్టిగా చెబుతున్నారంటే నిజమే అయి ఉంటుందనుకున్నాను. కాసేపటికి వాడు తల ఎత్తాడు. ఏడో తరగతిలో నా దగ్గర చదివినవాడు. టవళ్ళ కార్ఖానాలో రాత్రి పాళీ దిగి ఇంటికి పోతున్నాడు. నేను ముందుకు పోయి కట్లు విప్పించాను. కాని ఎప్పుడు? వాడు నా శిష్యుడని గుర్తుపట్టిన తరువాత. గుర్తుపట్టకపోతే అలాగే నిలబడి ఉండేవాణ్ణేమో!

సెట్లుమెంటు అన్న మాట షోలాపూర్ వాళ్ళకు తెలుసు, మిగతావారికి చెప్పాలి. 1871లో ఇంగ్లీషువాళ్ళు ఒక చట్టం చేశారు. కొన్ని కులాలను, సంచార జాతులను పుట్టుకతోనే నేరస్థులని ముద్ర వేశారు. వాళ్ళు హాజరు వేయించుకోవాలి, అనుమతి లేకుండా ఊరు దాటకూడదు. షోలాపూర్‌లో ముళ్ళకంచె వేసి అటువంటివాళ్ళ కోసం ఒక స్థావరం కట్టారు. అదే సెట్లుమెంటు. ఆంధ్రలోని స్టూవర్టుపురం కూడా ఇలా పుట్టిన ఊరే. అక్కడి కుటుంబాల మధ్య హేమలతా లవణం దంపతులు ఎన్నో ఏళ్ళు పనిచేశారు. ఆ చట్టం 1952 ఆగస్టు 31న రద్దయింది. కంచె తీసేశారు. కాని ఆ తెల్లవారుజామున మా స్తంభం దగ్గర నిలబడినవాళ్ళ మనసులో అది ఇంకా ఉంది. శిక్ష పడినవాణ్ణి పాత నేరస్థుడు అనడం న్యాయం. ఒక దిక్కు నుంచి వచ్చినవాణ్ణల్లా నేరస్థుడు అనడం 1871 నాటి మాట. మన భాషవాడే మన ఇంట్లో దొంగతనం చేస్తున్నా మన కళ్ళు ఆ దిక్కుకే పోతున్నాయంటే, ఆ కోపం దొంగను పట్టదు, దాచిపెడుతుంది.

ఇక 2024 ఆగస్టు 19. నారళీ పున్నమి, మనకు రాఖీ పున్నమి. షోలాపూర్‌లో మార్కండేయ స్వామి రథోత్సవం ఆ రోజే జరుగుతుంది. పేటలన్నీ రథం వెంట పోతాయి. ఇళ్ళకు తాళాలే కాపలా. మా ఎదురింటి పెద్దమ్మ రాత్రి తిరిగి వచ్చేసరికి గొళ్ళెం ఊడి ఉంది. బియ్యం పోసుకునే ఇత్తడి బిందె బియ్యంతో సహా పోయింది. ఆ బియ్యంలో మనవరాలి పెళ్ళికని దాచిన బంగారు గుండ్ల దండ ఉంది. బీడీ మీద బీడీ చుట్టి చేయించిన దండ అది.

"ఫిర్యాదు ఇద్దాం పెద్దమ్మా" అన్నాను. ఆమె అన్నది, "నాకు మరాఠీ బజారు దాకనే వస్తది సారూ. కోర్టు దాక రాదు." ఈ భయం మన ఆడవాళ్ళలో చాలామందికి ఉంది. సరే, నేను వెంట వెళ్ళాను. ఠాణాలో ఆమె, "గుండ్లు పోయినయి" అని తెలుగులో మొదలుపెట్టింది. రాసుకునే ఆయన కలం ఆపి, "గుండ్లు పోతే మంచిదే కదా!" అని నవ్వాడు. మరాఠీలో గుండ అంటే రౌడీ. అవి మనుషులు కాదు, బంగారు మణులు అని నేను చెప్పవలసి వచ్చింది. ఇది నవ్వుకునే సంగతే కాని, ఇందులో ఒక పాఠం ఉంది. ఫిర్యాదు రాసిన తరువాత చదివి వినిపించాలని చట్టం. అర్థం కాని భాషలో చదివితే విన్నట్టు కాదు. తెలిసినవారిని వెంట తీసుకుపోండి, మాట మాట అర్థం చేసుకుని సంతకం పెట్టండి. కోర్టులో కూడా సాక్షి తన భాషలో చెప్పుకోవచ్చు. దాన్ని కోర్టు భాషలోకి అనువాదం చేయించే పద్ధతి చట్టంలో ఉంది.

ఆ బిందె మెడ మీద పెద్దమ్మ అత్తగారి పేరు చెక్కి ఉంది. మన ఇళ్ళలో గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు ఊరికే రాలేదు. ఆ పేరు పట్టుకునే పోలీసులు పాత సామాన్ల దుకాణంలో బిందెను, దాని వెంట ఆ టీ బండి యువకుణ్ణి, అతని ద్వారా కుదువ పెట్టిన దండను పట్టుకున్నారు. పంచనామాకు ఇద్దరు పంచులు కావాలన్నారు. సాంచెలు నడిపే ఒకాయన పక్కకు తప్పుకున్నాడు. నాక్కూడా తప్పుకోవాలనే అనిపించింది. బడిలో పరీక్షల రోజులు, తరువాత కోర్టుకు తిరగాలి. అప్పుడు స్తంభం దగ్గర నేను నిలబడిన చోటు గుర్తొచ్చింది. మళ్ళీ వెనక వరుసలో నిలబడటానికి మనసు ఒప్పలేదు. సంతకం పెట్టాను.

దొరికిన సొత్తును మరాఠీలో ముద్దేమాల్ అంటారు. కేసు అయ్యేదాకా అది రాదని పెద్దమ్మకు ఎవరో చెప్పారు. అది సరి కాదు. సొత్తును ఏళ్ళ తరబడి ఠాణాలో ఉంచవద్దని, ఫోటోలు తీసి, పంచనామా చేసి, పూచీకత్తు మీద సొంతదారుకు అప్పగించవచ్చని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. కొత్త చట్టంలోనూ ఇందుకు గడువులు పెట్టారు. కోర్టుకు ఒక దరఖాస్తు పెడితే దండ ఇంటికి వచ్చింది. వకీలు ఖర్చుకు భయపడనక్కరలేదు. జిల్లా న్యాయసేవా సంస్థలో ఆదాయంతో సంబంధం లేకుండా స్త్రీలందరికీ ఉచిత సహాయం దొరుకుతుంది. 15100 నంబరుకు ఫోను చేసి అడగవచ్చు. దర్యాప్తు ఎంతవరకు వచ్చిందో 90 రోజుల్లోగా ఫిర్యాదుదారుకు తెలియజేయవలసిన బాధ్యత కూడా ఇప్పుడు పోలీసుల మీద ఉంది. అడగడం మన హక్కు.

ఇంతవరకు మన వంతు గురించి చెప్పాను. ఇక రాజ్యం వంతు. పెద్దమ్మ కోర్టుకు నాలుగుసార్లు పోయింది. మొదటిసారి ముద్దాయిని జైలు నుంచి తీసుకురాలేదు. రెండోసారి జడ్జిగారు సెలవు. మూడోసారి ఎదుటి వకీలు తారీఖు అడిగాడు, ఇచ్చారు. నాలుగోసారి ఆమె మాట విన్నారు. ఒక్కొక్క తారీఖుకు ఒక్కొక్క రోజు బీడీల కూలి పోయింది. పరిస్థితులు చెయ్యి దాటినప్పుడు సైతం రెండు వాయిదాలకు మించి ఇవ్వకూడదని కొత్త చట్టం చెబుతోంది. సాక్షులకు దారి ఖర్చులు ఇప్పించే అధికారం కోర్టుకు ఎప్పటి నుంచో ఉంది. పుస్తకంలో ఉన్నది వరండాలో బెంచీ మీద కూర్చున్న మనిషి దాకా రావడం లేదు. కూలి మనిషి నాలుగు రోజుల కూలి పోగొట్టుకుని నిజం చెప్పవలసి వస్తే, నిజానికి మనం జరిమానా వేస్తున్నట్టే. "ఎవరు తిరుగుతరు సారూ" అన్న అయిదు ఇళ్ళవాళ్ళను నేను పూర్తిగా తప్పు పట్టలేకపోవడానికి కారణం ఇదే.

నన్నూ పిలిచారు. ఎదుటి వకీలు అడిగాడు, "ఇటువంటి బిందెలు బజారులో వందలు ఉంటాయి కదా?" బిందెలు ఉంటాయి, ఆ పేరున్న బిందె ఒక్కటే అన్నాను.

2025 చివరలో తీర్పు వచ్చింది. నేరం రుజువయింది. ఏడాది జైలు. అతనికి జామీను మంజూరైనా పూచీ నిలిచేవాడు దొరక్క అప్పటికే ఏడాదికి పైగా లోపల ఉన్నాడు. ఆ కాలాన్ని శిక్షలో జమకట్టడం చట్టం. అందుకని ఆ వారమే బయటికి వచ్చాడు. వీధిలో మళ్ళీ అదే మాట మొదలయింది. ఒకాయన పెద్దమ్మ గడప దగ్గరే ఆగి, "గిన్నిసార్లు తిరిగితివి, ఏమొచ్చె? వాడు మళ్ళ రానే వచ్చె" అన్నాడు. ఆమె ఆకు కత్తిరిస్తూ తల ఎత్తకుండా జవాబు చెప్పింది: "రానీ. ఈసారి కొత్తోణ్ణని చెప్పుకోరాదు గద."

నేను చట్టం పుస్తకాలు తిరగేసి తెలుసుకున్నది ఆమె ఒక్క మాటలో చెప్పింది. అతను మారితే సంతోషం. అతనికి ఇప్పుడు ఒక కార్ఖానాలో పని దొరికింది, మారాలనే నా కోరిక. మారకపోతే మాత్రం రాసి ఉన్న కాగితం ఒకటి ఉంది.

చివరగా ఒక్క విషయం మనవి చేసి ముగిస్తాను. స్తంభానికి కట్టిన ఆ పిల్లవాడి కేసు ఏమయిందని మీరు అడగవచ్చు. ఏమీ కాలేదు. దారిన పోయేవాణ్ణి కట్టేసి కొట్టడం నేరం. దానికి ఫిర్యాదు లేదు, పంచనామా లేదు, సాక్షి లేడు. ముప్పై నలభై మందిలో ఒక్కరి పేరు ఎక్కడా రాసి లేదు. కోర్టు కాగితాల్లో మేమందరమూ ఇంకా మొదటిసారివాళ్ళమే. పోయిన నెల నేను అతని ఇంటికి వెళ్ళాను. ఫిర్యాదు ఇస్తానంటే సాక్షిగా వస్తానని చెప్పాను. చూస్తాను సార్ అన్నాడు. అతని జవాబు కోసం ఎదురు చూస్తున్నాను.